సముద్రంలో చచ్చిన గుర్రం ఎవరి నష్టం?

పర్యాటక నౌకలు రేవులో ఆగినప్పుడు, ఆ ఒక్కపూటలో ప్రయాణికులను ఒడ్డుకు దింపి, తిప్పి, పొద్దుగూకేలోగా మళ్ళీ నౌక ఎక్కిస్తారు. ఈ ఒక్కపూట విహారాల్లో గుర్రపుస్వారీకి గిరాకీ ఎక్కువ. కరీబియన్ దీవుల్లోనైతే గుర్రాన్ని ఇసుకమీద నడిపించి, చివర్లో రౌతుతో సహా సముద్రపు నీళ్ళలోకి కూడా దింపుతారు. ఈ వినోదం వెనక ఒక లెక్క ఉంది. నౌకవాళ్ళే ఏర్పాటు చేసిన విహారమైతే, తిరిగి రావడం ఆలస్యమైనా సాధారణంగా నౌక ఆగుతుంది. సొంతంగా బండి మాట్లాడుకుని వెళ్ళినవాడు వేళ తప్పితే నౌక వెళ్ళిపోతుంది, తర్వాతి రేవు దాకా పోయే ఖర్చు వాడిదే. గుర్రమెక్కే ముందు, పడితే బాధ్యత నాదేనని సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల మామూలు. మన ఆంధ్రప్రదేశ్‌కు ఈ వ్యాపారం ఇప్పుడిప్పుడే వస్తోంది. 2022 జూన్‌లో కార్డీలియా వారి నౌక విశాఖపట్నం వచ్చింది, 2023లో అక్కడ పర్యాటక నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ తెరిచారు. నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం మాత్రం సరుకుల రేవు. అయితే ఓడకూ గుర్రానికీ ఈ తీరంలో ఉన్న చుట్టరికం ఈనాటి పర్యాటకం కంటే ఎన్నో వందల ఏళ్ళు పాతది. ఆ రోజుల్లో ఓడ దిగింది గుర్రమే. పైన చెప్పిన లెక్క, అంటే దారిలో జరిగే నష్టం ఎవరు మొయ్యాలన్న ప్రశ్న, అప్పుడూ ఉంది. గుర్రాల దిగుమతిని మన చరిత్ర పుస్తకాలు రాజుల యుద్ధాల కింద ఒక వాక్యంలో చెప్పేసి పోతాయి. ఈ ప్రశ్నకు కాలక్రమంలో మారిన జవాబులోనే దాని అసలు చరిత్ర ఉందని నా వాదన.

ముందుగా, గుర్రం సముద్రం దాటి ఎందుకు రావాల్సివచ్చింది? దక్షిణాది తనను తాను ఎలా చూసుకుందో మూడు బిరుదులు చెబుతాయి. ఉత్తరాది తురుష్క ప్రభువు అశ్వపతి, కళింగ ప్రభువు గజపతి, విజయనగర ప్రభువు నరపతి. ఉత్తరాది బలం గుర్రంలో, ఒడిశా బలం ఏనుగులో, దక్షిణాది బలం మనుషుల్లో ఉందని ఆ కాలం లెక్క. ఇక్కడ గుర్రం సరిగా పుట్టదని 13వ శతాబ్దం చివర ఈ తీరాల వెంట వెళ్ళిన మార్కో పోలో రాశాడు. మేలుజాతి మగగుర్రాన్నీ మేలుజాతి ఆడగుర్రాన్నీ కలిపినా కాళ్ళు వంకరపోయిన, స్వారీకి పనికిరాని పిల్ల పుడుతుందన్నాడు. మాటలో అతిశయం ఉండవచ్చు. కానీ ఉక్కపోత, మాగాణి తడి, గుర్రం పరిగెత్తడానికి చాలినంత మెట్ట బీడు లేకపోవడం తీరవాసులెవరికైనా తెలిసిన సంగతులే. అదే గాలి, అదే నీరు పశువుకు మాత్రం బ్రహ్మాండంగా పడ్డాయి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతపు పశువు ఎంత గట్టిదో చెప్పడానికి బ్రెజిల్ చాలు. అక్కడి మాంసపు పశువుల్లో అత్యధికం ఈ జాతివే, వాటి పేరే నెలోరే. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఒక ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులో ఉన్న ఈ జాతి జంటను అక్కడే అమ్మేశారని, బ్రెజిల్‌లో ఈ జాతి చరిత్రను అక్కడినుంచే మొదలుపెడతారు. పశువు ఇంత బాగా పెరిగిన నేలమీద గుర్రం ఎందుకు పెరగలేదని అడగవచ్చు. వాతావరణమొక్కటే కారణం కాదు. ఎద్దు ప్రతి రైతుకూ కావాలి, మడకకూ బండికీ కావాలి, అందుకే ఊరూరా మేలురకం ఎంపిక జరిగింది. గుర్రం రాజుకూ రౌతుకూ తప్ప ఎవరికీ అక్కరలేదు. వందలమంది రైతుల చేతుల్లో తరాల తరబడి జరగాల్సిన పని ఒక్క రాజుగారి లాయంలో జరగదు.

అందుచేత గుర్రం హుర్ముజ్ నుంచి, కీష్ ద్వీపం నుంచి, ఏడెన్ నుంచి రావాల్సివచ్చింది. మన భాషలో మేలుగుర్రానికి ఉన్న తేజి అనే పేరు కూడా పారశీకంలోని తాజీ నుంచి వచ్చిందే, ఆ మాటకు అరబ్బీ అని అర్థం. ఆ ప్రయాణం ఎలా ఉండేదో పోలో చూసి రాశాడు. హుర్ముజ్ ఓడల పలకలకు ఇనుప మేకులుండవు, కొబ్బరిపీచు తాటితో కుట్టేవారు. సరుకు నింపి, పైన తోళ్ళు కప్పి, ఆ తోళ్ళ మీద ఇండియాలో అమ్మకానికి గుర్రాలను నిలబెట్టేవారు. వారాల తరబడి ఊగే నేలమీద, మంచినీళ్ళు కొలిచి పోసేచోట, నిలుచునే నిద్రపోయే జంతువును తీసుకురావడమంటే ఎన్ని దక్కుతాయో ఏ వర్తకుడూ ముందుగా చెప్పలేడు. ఇంత దూరం వచ్చినా కోరమండల్ తీరంలో మరో గండం ఉంది. ఈ తీరానికి సహజమైన లోతు రేవులు తక్కువ. ఓడ దూరాన లంగరు వేస్తుంది, ఒడ్డుకూ ఓడకూ మధ్య వరసగా కెరటాలు విరుగుతాయి. కుట్టు పడవలే ఆ కెరటాలను దాటగలవు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు బద్దలవుతుంది, కుట్టు పడవ వంగి నిలబడుతుంది. గుర్రాన్ని పంపిన హుర్ముజ్‌లోనూ, అది దిగే కోరమండల్‌లోనూ పడవల్ని తాటితోనే కుట్టారన్నది యాదృచ్ఛికమే కావచ్చు గానీ, నాకది చాలా ఇష్టమైన సంగతి. కృష్ణపట్నానికి కండలేరు ఉప్పుటేరు ఆసరా ఉంది, అందుకే ఆ చోటు పాతకాలం నుంచీ రేవుగా నిలిచింది. గండగోపాలపట్టణం అనే మరోపేరుతో అక్కడి పాత శాసనాల్లో కనిపించేది నెల్లూరు తెలుగు చోడుల బిరుదు మోసిన ఈ రేవే. ఇక ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా తుఫానుల కాలం, ఆ రోజుల్లో తీరానికి చేరే ఓడ దైవాధీనమే.

గుర్రాల వ్యాపారం గురించి మాట్లాడేవాళ్ళు దక్షిణాన కాయల్ రేవునూ, ఉత్తరాన మోటుపల్లినీ చెబుతారు కదా, నడుమ నెల్లూరుకు ఇందులో పాత్రేమిటని అభ్యంతరం రావచ్చు. పాత్ర ఉంది, అదీ సరిహద్దు పాత్ర. షిరాజ్ ప్రాంతపు చరిత్రకారుడు వస్సాఫ్ 14వ శతాబ్దం మొదట్లో మాబర్ దేశానికి, అంటే పాండ్యుల ఏలుబడిలోని తీరానికి, హద్దులు చెబుతూ, కొల్లం నుంచి నెల్లూరు దాకా అన్నాడు. ఎక్కడో పారశీకంలో కూర్చున్నవాడికి ఈ ఊరి పేరు ఎలా తెలిసింది? ఓడల వర్తకుల నోటివెంటే తెలిసి ఉండాలి. ఆ హద్దు ఊహ కాదు కూడా. 13వ శతాబ్దం నడుమ జటావర్మ సుందరపాండ్యుడు ఇంతదూరం దండెత్తివచ్చి నెల్లూరులోనే వీరాభిషేకం చేసుకున్నాడు. అటు ఉత్తరాన కాకతీయులు కూడా నెల్లూరు సింహాసనాన్ని తమ అండలోనే ఉంచుకోవాలనుకున్నారు. మనుమసిద్ధి సింహాసనం పోగొట్టుకున్నప్పుడు, తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుణ్ణి సాయానికి ఒప్పించాడన్న కథ తెలుగువాళ్ళందరికీ తెలుసు. కాకతీయుల అశ్వబలానికి అధిపతిగా, తురగ సాధనికుడన్న హోదాతో పనిచేసినవాడు కాయస్థ గంగయ సాహిణి. అదే వంశపు అంబదేవుడు మనుమగండగోపాలుణ్ణి నెల్లూరులో తిరిగి ప్రతిష్ఠించానని త్రిపురాంతక శాసనంలో చెప్పుకున్నాడు. అంటే నెల్లూరులో ఎవరు కూర్చోవాలన్నది రెండువైపుల నుంచీ వచ్చిన గుర్రపు దండులు తేల్చిన సంగతి. దక్షిణపు రేవుల్లో దిగిన గుర్రాలూ ఉత్తరపు రేవుల దన్నుతో పెరిగిన గుర్రాలూ ఢీకొన్నది పెన్నా ఒడ్డునే. రేవు చరిత్రను సుంకం లెక్కల్లోనే వెతికితే ఇది కనబడదు.

ఇక అసలు ప్రశ్న. సముద్రం చేసిన నష్టం ఎవరిది? మొదటి జవాబు మోటుపల్లి స్తంభం మీద ఉంది. 1244లో గణపతిదేవుడు వేయించిన ఆ అభయశాసనం అంతకుముందు ఏం జరిగేదో దాచకుండా చెబుతుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతున్న ఓడ గాలివాన దెబ్బతిని ఒడ్డున పడితే, పూర్వపు రాజులు అందులోని బంగారాన్నీ ఏనుగులనూ గుర్రాలనూ రత్నాలనూ బలవంతంగా లాక్కునేవారట. కొట్టుకొచ్చిన సరుకులో ఏనుగుల పక్కన గుర్రాన్ని కూడా పేర్కొన్నారని గమనించాలి. తురగం ఈ తీరంలో ఓడ సరుకని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఈ రాజు మాత్రం, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రమెక్కే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళకే వదిలేస్తానన్నాడు. సుంకం ముప్ఫైకి ఒకటి. రాజు ఆ నష్టాన్ని తన మీద వేసుకోలేదు, దాన్నుంచి లాభం తీసుకోనన్నాడంతే. ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది. కానీ ఒడ్డునపడ్డ ఓడను దేవుడిచ్చిన సొమ్ముగా చూసే అలవాటు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న కాలంలో, దాన్ని రాతిమీద చెక్కించి వదులుకోవడం చిన్నపని కాదు. ఇది ధర్మమా, బేరమా అని అడగనక్కర్లేదు. శాసనమే రెండింటినీ ఒకేచోట చెప్పింది, నిజాయితీగా చెప్పింది. ఇలాంటి మాట ఒకసారి ఇస్తే చాలదు. కాకతీయ రాజ్యం 1323లో కూలాక, 1358లో కొండవీటి అనపోత రెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయం ఇవ్వాల్సివచ్చింది. మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే నడుమ ఆ నమ్మకం సడలిందని అర్థం.

రెండో జవాబు వస్సాఫ్ చెప్పింది, అది మరో మెట్టు ముందుకు వెళుతుంది. కీష్ ద్వీపాధిపతి మలికుల్ ఇస్లాం జమాలుద్దీన్ ఏటా 1400 సొంతజాతి గుర్రాలు మాబర్‌లో దింపాలి. ఒక్కోదానికి 220 ఎర్రబంగారు దీనారాలు. దారిలో గుర్రం దెబ్బతిన్నా, చచ్చినా, ఆ ధరను పాండ్య రాజుగారి ఖజానాయే చెల్లించాలి. అంతకుముందు ఫార్స్ పాలకుడు అతాబేగ్ అబూబకర్ కాలంలో ఏటా 10,000 గుర్రాలు మాబర్‌కూ గుజరాత్‌లోని కంబాయత్‌కూ ఆ చుట్టుపక్కల రేవులకూ పోయేవనీ, మొత్తం విలువ 22 లక్షల దీనారాలనీ అతడే రాశాడు. ఈ అంకెను జాగ్రత్తగా చూడాలి. 10,000ను 220తో గుణిస్తే సరిగ్గా 22 లక్షలు. రేవులో నిజంగా వసూలైన లెక్క ఇంత నున్నగా రాదు, ఎవరో కలం పట్టుకుని గుణించిన మొత్తమిది. మరోవైపు పోలో, పాండ్యదేశపు అయిదుగురు అన్నదమ్ములైన రాజుల్లో ఒక్కొక్కరూ ఏటా 2000కు పైగా కొంటారన్నాడు, కూడితే అదీ పదివేలే. ఇద్దరూ ఒకే వర్తకుల నోటి మాటను రాసుకుని ఉంటారని నా అనుమానం. కాబట్టి పదివేలు అనే అంకె మీద ఏ వాదమూ కట్టకూడదు. ఒప్పందపు షరతు అలా కాదు. సంఖ్యను పెంచి చెప్పుకోవచ్చు గానీ, చచ్చిన గుర్రానికి డబ్బిచ్చే షరతును వినోదానికి కల్పించరు. దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పాండ్య రాజు దగ్గర మంత్రిగా ఉండి, కాయల్ వంటి రేవుల పెత్తనం చేసిన తకీయుద్దీన్, స్వయానా ఈ జమాలుద్దీన్ తమ్ముడు. అమ్మేవాడి తమ్ముడే కొనేవాడి మంత్రి అయితే షరతు అమ్మేవాడికి అనుకూలంగా ఉండటంలో వింతేముంది? నిజమే, అందులో స్వార్థం ఉండే ఉంటుంది. అయినా ఆ షరతు అక్కడితో ఆగిపోలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత, ఏ కీష్ మంత్రీ లేని మరో ఆస్థానంలో అదే కనిపించింది.

ఆ ఆస్థానం సాళువ నరసింహుడిది. చంద్రగిరి నుంచి ఎదిగి 1485లో విజయనగర సింహాసనమెక్కిన ఈయనకు నెల్లూరు సీమ పొరుగే, ఉదయగిరి కోసం గజపతులతో పోరాటమూ తప్పలేదు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతంలో ఆయన గురించి రాశాడు. హుర్ముజ్, ఏడెన్ గుర్రాలను వర్తకులు అడిగిన ధరకు తీసుకునేవాడట, వెయ్యి పర్దావుల బంగారు నాణేలకు మూడు చొప్పున, బతికినవీ చచ్చినవీ కూడా. సముద్రంలో చచ్చిన గుర్రం తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికి వచ్చినదానికిచ్చినంతా ఇచ్చేవాడు. ఇది రాజు మూర్ఖత్వమని, వర్తకులు బక్క తట్టువల తోకలు కోసి తెచ్చి ఉంటారని నవ్వేవాళ్ళున్నారు. మోసం జరిగే ఉంటుంది. కానీ రాజు ఎదుట ఉన్న బేరం చూడండి. నష్టం వర్తకుడిదే అయితే అతడు దాన్ని బతికిన గుర్రం ధరలోనే కలుపుతాడు, లేదా తక్కువ ప్రమాదమున్న పడమటి రేవుల్లో దింపి బహమనీ సుల్తానులకు అమ్ముకుంటాడు. గుర్రాన్ని తానే పుట్టించుకోలేని రాజుకు ధర కంటే పెద్ద భయం అదే, ఆ గుర్రం శత్రువు లాయంలో కట్టబడటం. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఈ సంగతే రాజనీతిగా చెప్పాడు. దూరదేశాల నుంచి ఏనుగులనూ మేలుగుర్రాలనూ తెచ్చే వర్తకులకు ఊళ్ళూ మర్యాదలూ మంచి ధరా ఇచ్చి తనవాళ్ళను చేసుకోవాలని, అవి పగవాడికి చేరకుండా చూసుకోవాలని ఆయన భావం. 1513లో ముట్టడి మొదలుపెట్టి మరుసటేడు ఉదయగిరిని పట్టుకున్న రాజు రాసిన మాట అది, అనుభవం లేకుండా రాసింది కాదు. ఈ ఖర్చులో చచ్చిన గుర్రాలూ ఒక భాగమని ఆయనకు తెలిసే ఉండాలి. ఇప్పటి మాటలో చెప్పాలంటే, అక్కడ రాజే బీమా కంపెనీ.

అయితే నన్ను నిజంగా బాధించే అభ్యంతరం వేరే ఉంది. రాజు భరించాడంటున్నాం, ఆ ఖజానా ఎవరిది? వస్సాఫ్ ప్రకారం గుర్రాల సొమ్ము దేవాలయ మాన్యాల మిగులు నుంచీ, దేవదాసుల మీది పన్ను నుంచీ వచ్చేది. చూడకుండా రాసినవాడి మాట కాబట్టి ఆ వివరాన్ని పూర్తిగా నమ్మనక్కర్లేదు. కానీ సారం కాదనలేం, సముద్రంలో పోయిన గుర్రం వెల చివరికి మాగాణి దున్నినవాడి మీదే పడింది. వర్తకుడి నెత్తిమీది నష్టం రాజు మీదికీ, రాజు మీదిది రైతు మీదికీ జారింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత మన పల్లెల్లో ఊరికే పుట్టలేదు. పైగా దిగిన గుర్రాలు ఎంతకాలం బతికాయి? పోలో లెక్కలో ఏడాది తిరిగేసరికి రెండువేలలో నూరు కూడా మిగలవు. వండిన అన్నంలో మాంసం కలిపి పెడతారనీ, నాడాలు కొట్టేవాడూ వైద్యం తెలిసినవాడూ ఉండరనీ, అలాంటివాళ్ళను రానివ్వకుండా వర్తకులే చూస్తారనీ అన్నాడు. వస్సాఫ్ కూడా వేపిన బార్లీ, నెయ్యి కలిపిన దాణా, కాచిన పాలు తినిపించి, కట్టేసి కొవ్వెక్కించి పాడుచేస్తారని ఎకసెక్కమాడాడు. బయటివాడి అహంకారం ఇందులో కొంత ఉంది. సాహిణి అనే అశ్వపాలకుల హోదా, అశ్వశాస్త్ర గ్రంథాలు ఉన్న దేశంలో గుర్రం సంగతి ఎవరికీ తెలియదనడం చెల్లదు. కానీ వర్తకుడికి గుర్రం చావులో లాభముందన్న పోలో మాట నిలుస్తుంది. దారిలో చచ్చినా వెల వస్తుంది, లాయంలో చస్తే మరో గుర్రానికి బేరం వస్తుంది. నష్టం లేని చేతుల్లోకి ప్రాణి వెళ్ళినప్పుడు ప్రాణి విలువ పడిపోతుంది. రాజులు వర్తకుణ్ణి కాపాడారు, అందుకు వాళ్ళను మెచ్చుకుంటాను. గుర్రాన్ని మాత్రం ఎవరూ కాపాడలేదు.

మిగతా కథ త్వరగా ముగుస్తుంది. శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయ సెట్టి కొండవీటి కుమారగిరి రెడ్డికి తెప్పించిన సరుకుల్లో సింహళపు ఏనుగులు, చీనా పట్టుల పక్కన హురుమంజి, అంటే హుర్ముజ్, తేజీలున్నాయి. తీరంలో గుర్రాల వైభవానికి అవి చివరి రోజులు కాకపోయినా, చివరికి దగ్గరపడ్డ రోజులే. 1510లో పోర్చుగీసులు గోవా పట్టుకుని గుర్రాల వ్యాపారాన్ని తమ గుప్పిట్లో పెట్టుకున్నాక పడమటి తీరమే ద్వారమైంది. మళ్ళీ 19వ శతాబ్దంలో కోరమండల్ ఒడ్డున గుర్రాలు దిగాయి, ఈసారి ఆస్ట్రేలియా నుంచి. న్యూ సౌత్ వేల్స్ పేరుతో వేలర్లు అనిపించుకున్న ఆ గుర్రాలు మదరాసులో దిగడాన్ని, చుట్టూ కట్టుమరాలూ కుట్టు పడవలూ ఉండగా, 1830ల్లో ఒక చిత్రకారుడు బొమ్మ గీశాడు. కెరటం మారలేదు, పడవ మారలేదు. నెల్లూరు అప్పటికే 1801 నుంచి కంపెనీ చేతిలో ఉంది, గుర్రం కొనే రాజు ఈ సీమలో ఎవరూ మిగల్లేదు.

మోటుపల్లిలో సముద్రం వెనక్కి జరిగింది, ఓడలు రావు. శాసనస్తంభం వీరభద్రాలయం దగ్గర నిలబడే ఉంది. రేపు ఈ తీరంలో ఎక్కడైనా పర్యాటక నౌకలు ఆగితే, నెల్లూరు దగ్గరి మైపాడు ఇసుకలో గుర్రపుస్వారీ కూడా పెడతారేమో, పెట్టనివ్వండి. ఆ గుర్రాలకు నీడా నీళ్ళూ ఉండాలని, ఎండవేళ స్వారీ ఉండకూడదని మాత్రం మొదటిరోజే షరతు రాయాలి. నౌక దిగినవాళ్ళకు ఒక్కపూట చాలదు గానీ, కొంచెం వ్యవధి దొరికితే వాళ్ళను మోటుపల్లి దాకా తీసుకెళ్ళి, ఒడ్డునపడ్డ ఓడలోని గుర్రం వర్తకుడిదేనని ఒక తెలుగు రాజు 1244లో చెక్కించిన రాయిని చూపించాలి.